పాత స్పోర్ట్స్ కార్లు, కొత్త స్పోర్ట్స్ కార్లు: ఏం మారింది, ఏం మారలేదు? ఐటీ కారిడార్ కుటుంబాలు తెలుసుకోవాల్సిన వివరాలు

హైదరాబాద్: 1964లో అమ్మకానికి వచ్చిన మొదటి పోర్షే 911 సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి దాదాపు 9 సెకన్లు పట్టేది. ఆ రోజుల్లో అది ప్రపంచంలో పేరున్న స్పోర్ట్స్ కారు. 2024 నవంబర్‌లో 18.90 లక్షల ప్రారంభ ధరతో మహీంద్రా ప్రకటించిన ఎలక్ట్రిక్ కారు బీఈ 6లో పెద్ద బ్యాటరీ మోడల్ అదే వేగాన్ని 6.7 సెకన్లలో అందుకుంటుందని కంపెనీ చెప్తోంది. అది రేసు కారు కాదు. ఇంటిల్లిపాదీ కూర్చుని వెళ్లే కారు.

అంటే ఒకప్పుడు కోటీశ్వరులకే అందిన వేగం ఇప్పుడు గచ్చిబౌలి, కొండాపూర్, మణికొండ అపార్ట్‌మెంట్ల పార్కింగ్‌లోకి వచ్చేసింది. కానీ ఆ పార్కింగ్ గేటు దాటాక ఉన్న రోడ్డు మాత్రం స్పోర్ట్స్ కారు కోసం వేసింది కాదు. పాత కార్లకీ కొత్త కార్లకీ తేడా ఏంటి, ఆ తేడా ఇంటి ఖర్చు మీద, పిల్లల భద్రత మీద ఎలా పడుతుంది అన్నది ఇక్కడ చూద్దాం.

స్పోర్ట్స్ కారు అని దేన్ని అంటారు?

తక్కువ ఎత్తు, తక్కువ బరువు, బరువుకు తగ్గ శక్తి కంటే ఎక్కువ శక్తి ఉన్న ఇంజిన్, మలుపుల్లో రోడ్డును గట్టిగా పట్టుకునే సస్పెన్షన్. ఈ నాలుగూ ఉంటే స్పోర్ట్స్ కారు అంటారు. సాధారణంగా రెండు డోర్లు, రెండు సీట్లు ఉంటాయి, వెనక సీటు ఉన్నా పేరుకే. ధర ఎక్కువైనంత మాత్రాన స్పోర్ట్స్ కారు కాదు. వెనక సీట్లో హాయిగా కూర్చునేందుకు చేసిన ఖరీదైన కారు లగ్జరీ కారు అవుతుంది. పెళ్లి బారాత్‌లో కనిపించే పెద్ద కార్లలో చాలా వరకు లగ్జరీ కార్లే.

అప్పటి కారు, ఇప్పటి కారు

*పోర్షే 911:* ఈ పోలికకు బాగా కుదిరే కారు ఇదే, ఎందుకంటే పేరు, ఆకారం, వెనక ఇంజిన్ అన్నీ అలాగే ఉన్నాయి. మొదటి 911లో 1,991 సీసీ ఇంజిన్, 130 హార్స్‌పవర్, బరువు దాదాపు 1,080 కిలోలు, గరిష్ఠ వేగం గంటకు 210 కిలోమీటర్లు. 2019లో వచ్చిన తరం కారెరా మోడల్‌లో రెండు టర్బోల 2,981 సీసీ ఇంజిన్, 385 హార్స్‌పవర్, బరువు దాదాపు 1,505 కిలోలు, గరిష్ఠ వేగం 293 కిలోమీటర్లు. వంద వేగానికి 4.2 సెకన్లు చాలు.

లెక్క వేస్తే పాత కారులో ఒక్కో హార్స్‌పవర్ 8.3 కిలోలు మోయాలి. కొత్త కారులో 3.9 కిలోలు మోస్తే సరిపోతుంది. బరువు 40 శాతం పెరిగింది, శక్తి దాదాపు మూడు రెట్లు అయింది.

*ఫోర్డ్ మస్టాంగ్:* 1964 ఏప్రిల్ 17న అమెరికాలో విడుదలై మొదటి ఏడాదిలోనే 4 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. అప్పటి ఆరు సిలిండర్ల బేసిక్ మోడల్‌లో 101 హార్స్‌పవర్. మన దేశానికి మస్టాంగ్ అధికారికంగా వచ్చింది 2016 జులైలో. ఎనిమిది సిలిండర్ల 5 లీటర్ల ఇంజిన్, దాదాపు 400 హార్స్‌పవర్, ఢిల్లీ ఎక్స్‌షోరూం ధర 65 లక్షలు. తర్వాత 2021లో ఫోర్డ్ భారత్‌లో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. సెకండ్ హ్యాండ్‌లో మస్టాంగ్ చూసే వాళ్లు స్పేర్ పార్టుల సంగతి ముందే కనుక్కోవాలి అనడానికి కారణం ఇదే.

*లంబోర్గిని:* 1966 మియురాలో 12 సిలిండర్ల ఇంజిన్ 350 హార్స్‌పవర్ ఇచ్చేది. 2023లో వచ్చిన రెవుయెల్టోలోనూ 12 సిలిండర్లే, కానీ వాటికి తోడు మూడు ఎలక్ట్రిక్ మోటార్లు. మొత్తం శక్తి దాదాపు వెయ్యి హార్స్‌పవర్. మన దేశంలో విడుదలైనప్పటి ఎక్స్‌షోరూం ధర 8.89 కోట్లు.

*స్కోడా ఆక్టావియా ఆర్ఎస్:* మన రోడ్ల మీద ఎక్కువ మంది చూసిన పేరు ఇది. 2004లో వచ్చిన మోడల్‌లో 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, 150 హార్స్‌పవర్. ఇవాళ్టికీ కార్ల పిచ్చి ఉన్న వాళ్లు దాన్ని గుర్తు చేసుకుంటారు. 2025 అక్టోబర్‌లో వందే వంద కార్లు తెచ్చిన కొత్త మోడల్‌లో 265 హార్స్‌పవర్, వంద వేగానికి 6.4 సెకన్లు, ఎక్స్‌షోరూం ధర 49.99 లక్షలు. ఇది నాలుగు డోర్ల కారు. కుటుంబంతో వెళ్లొచ్చు, వేగంగానూ వెళ్లొచ్చు.

*మన దేశపు కార్లు:* హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైన 1998లోనే శాన్ మోటార్స్ 'స్టార్మ్' అనే రెండు సీట్ల ఓపెన్ కారు తెచ్చింది. ఫైబర్‌గ్లాస్ బాడీ, రెనో కంపెనీ చిన్న పెట్రోల్ ఇంజిన్, 60 హార్స్‌పవర్. చూడ్డానికి స్పోర్ట్స్ కారే, శక్తి మాత్రం మామూలు హ్యాచ్‌బ్యాక్ అంత. ఇప్పుడు మహీంద్రా సొంతమైన ఆటోమొబిలి పినిన్‌ఫరీనా ఇటలీలో తయారు చేసే 'బటిస్టా' ఎలక్ట్రిక్ కారులో 1,900 హార్స్‌పవర్. వంద వేగానికి రెండు సెకన్లు కూడా పట్టదు. మొత్తం 150 కార్లు మాత్రమే చేస్తామని కంపెనీ చెప్పింది.

*మాజ్డా ఎంఎక్స్-5:* ఇది మిగతా కార్లకు రివర్స్. 1989లో వచ్చినప్పుడు బరువు వెయ్యి కిలోల లోపు. ముప్పై ఏళ్ల తర్వాత కూడా దాదాపు వెయ్యి కిలోల దగ్గరే ఉంది. శక్తి పెంచుకుంటూ పోకుండా బరువు తగ్గించి కూడా స్పోర్ట్స్ కారు చేయొచ్చని చూపించిన కారు. మన దేశంలో దీన్ని అమ్మలేదు.

బానెట్ కింద ఏం మారింది?

పాత కారులో పెట్రోల్, గాలి కలిపే పని కార్బ్యురేటర్ చేసేది. చలికాలం పొద్దున చోక్ లాగాలి, అప్పుడప్పుడూ ట్యూనింగ్ చేయించాలి. కొత్త కారులో ఆ పని ఫ్యూయల్ ఇంజెక్షన్‌ది, దాన్ని నడిపేది కంప్యూటర్. ఒక్కో సిలిండర్‌లోకి ఎంత పెట్రోల్ ఎప్పుడు వెళ్లాలో అదే నిర్ణయిస్తుంది.

పాత 911లో పవర్ స్టీరింగ్ లేదు, ఏబీఎస్ లేదు, ఎయిర్‌బ్యాగులు లేవు. బ్రేక్ గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుని కారు జారేది. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలేస్తే వెనక భాగం పక్కకు తిరిగేది. కారును అదుపులో పెట్టాల్సింది డ్రైవర్ చేతులే.

కొత్త కారులో ఏబీఎస్ చక్రాలను బిగుసుకోనివ్వదు. స్టెబిలిటీ కంట్రోల్ అనే వ్యవస్థ కారు పక్కకు జారుతోందని గుర్తించి ఒక్కో చక్రానికి విడిగా బ్రేక్ వేస్తుంది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్, అదే ఏడాది జులై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయ్యాయి. ప్రమాదంలో ముందు భాగం నలిగిపోయి లోపల ఉన్న మనిషిని కాపాడేలా బాడీ డిజైన్ చేస్తున్నారు. కారు బరువు పెరగడానికి ఇవి కూడా ఒక కారణం.

దీనికి ఇంకో వైపు ఉంది. పాత కారు 80 వేగంలోనే శబ్దం చేసి, వణికి, స్టీరింగ్ బరువెక్కి డ్రైవర్‌ను హెచ్చరించేది. కొత్త కారు 120లో కూడా గదిలో కూర్చున్నట్టు ఉంటుంది. ఎలక్ట్రిక్ కారులో ఇంజిన్ శబ్దం కూడా ఉండదు, పెడల్ తొక్కిన క్షణంలోనే మోటార్ పూర్తి బలం ఇస్తుంది. వేగం పెరిగింది, వేగంగా వెళ్తున్నామన్న భయం మాత్రం తగ్గింది.

కారు తెలివి తయారయ్యేది ఈ పక్కనే

ఈ మార్పులో హైదరాబాద్‌కూ వాటా ఉంది. హ్యుందాయ్ ఇంజినీరింగ్ కేంద్రం, హ్యుందాయ్ మోబిస్ టెక్నికల్ సెంటర్ ఇక్కడే ఉన్నాయి. గేర్‌బాక్సులు, స్టీరింగ్ వ్యవస్థలు చేసే జర్మనీ కంపెనీ జడ్ఎఫ్ 2017లో నానక్‌రామ్‌గూడలో టెక్నాలజీ సెంటర్ పెట్టింది. ఆల్ఫా రోమియో, మజెరాటి, డాడ్జ్ లాంటి పాత స్పోర్ట్స్ కార్ల పేర్లు చేతిలో ఉన్న ఫియట్ క్రిస్లర్ 2020 డిసెంబర్‌లో 15 కోట్ల డాలర్లతో హైదరాబాద్‌లో గ్లోబల్ డిజిటల్ హబ్ ప్రకటించింది. తర్వాతి నెలలోనే ఆ కంపెనీ స్టెల్లాంటిస్‌లో కలిసింది.

అరవై ఏళ్ల కింద స్పోర్ట్స్ కారు కంపెనీకి ఇంజిన్ పోత పోసేవాళ్లు ముఖ్యం. ఇప్పుడు కోడ్ రాసేవాళ్లూ అంతే ముఖ్యం. ఇంజినీరింగ్ చదువుతున్న పిల్లలు కార్లంటే ఇష్టమని చెప్తే, ఆ ఇష్టానికి ఇదే ఊళ్లో ఉద్యోగం కూడా ఉందని ఇంట్లో పెద్దవాళ్లు తెలుసుకోవడం మంచిది.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన దాదాపు 2.8 కిలోమీటర్ల ట్రాక్ మీద ఫార్ములా ఈ రేసు జరిగింది. ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ రేసు కార్లు బ్రేక్ వేసినప్పుడల్లా కరెంటు తయారు చేసుకుని బ్యాటరీలోకి పంపుతాయి. అదే పద్ధతి ఇప్పుడు ఇంటి ఎలక్ట్రిక్ కార్లలోనూ ఉంది. 2024లో జరగాల్సిన రెండో రేసు రద్దయింది.

రోడ్డు మాత్రం మారలేదు

బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర రెండో లెవెల్ ఫ్లైఓవర్ 2019 నవంబర్ 4న ప్రారంభమైంది. మూడు వారాలు తిరక్కుండానే, నవంబర్ 23న, అతివేగంగా వచ్చిన ఓ కారు మలుపులో ఫ్లైఓవర్ దాటి కింది రోడ్డు మీద పడింది. కింద ఉన్న ఒక మహిళ ప్రాణం పోయింది. ఆమెకు ఆ కారుతో ఏ సంబంధమూ లేదు. ఫ్లైఓవర్ మూసేసి, వేగం తగ్గించే ఏర్పాట్లు చేసి, 2020 జనవరిలో మళ్లీ తెరిచారు. అక్కడ వేగ పరిమితి గంటకు 40 కిలోమీటర్లు.

2011 సెప్టెంబర్‌లో మాజీ క్రికెట్ కెప్టెన్ మహ్మద్ అజహరుద్దీన్ కుమారుడు అయాజుద్దీన్ ఔటర్ రింగ్ రోడ్డు మీద పుప్పాలగూడ దగ్గర స్పోర్ట్స్ బైక్ ప్రమాదానికి గురై, కొద్ది రోజులకు కన్నుమూశాడు. అతనికి 19 ఏళ్లు. వెంట ఉన్న దగ్గరి బంధువు కూడా దక్కలేదు. హైదరాబాద్ కుటుంబాలు ఆ వార్తను ఇంకా మర్చిపోలేదు.

158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద గరిష్ఠ వేగ పరిమితిని 2023లో 100 నుంచి 120కి పెంచారు. నగరం చుట్టుపక్కల చట్టం అనుమతించే అత్యధిక వేగం అదే. కొత్త 911 అసలు సత్తాలో అది సగం కూడా కాదు. అంతకు మించి నడపాలంటే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై లాంటి రేస్ ట్రాక్‌లు ఉన్నాయి, రోడ్డు కాదు.

బ్రేక్ లెక్క ఇలా ఉంటుంది. పొడి రోడ్డు, మంచి టైర్లు, డ్రైవర్ స్పందించడానికి ఒక సెకను అనుకుంటే:

- 40 వేగంలో కారు పూర్తిగా ఆగడానికి దాదాపు 20 మీటర్లు
- 80 వేగంలో దాదాపు 57 మీటర్లు
- 120 వేగంలో దాదాపు 112 మీటర్లు

వేగం మూడింతలైతే కారులో ఉండే శక్తి తొమ్మిదింతలు అవుతుంది. వాన పడితే ఈ దూరాలు ఇంకా పెరుగుతాయి. ఏబీఎస్ స్టీరింగ్ అదుపులో ఉండేలా చూస్తుంది గానీ ఈ లెక్కను మార్చలేదు.

డబ్బు సంగతి

షోరూం చెప్పే ధర ఒకటి, ఇంటికి వచ్చేసరికి అయ్యేది ఒకటి. పూర్తిగా తయారైన కారును విదేశాల నుంచి తెస్తే దిగుమతి సుంకమే ఏళ్ల తరబడి దాదాపు కారు విలువంత, ఒక్కోసారి అంతకు మించి ఉంటూ వచ్చింది. ఆ పైన జీఎస్టీ, ఆ పైన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్. తెలంగాణలో కారు ధర పెరిగేకొద్దీ లైఫ్ ట్యాక్స్ శాతం కూడా పెరుగుతుంది. ఉదాహరణకు 20 శాతం అనుకుంటే 60 లక్షల కారు మీద 12 లక్షలు కట్టాలి. ఆ డబ్బుతో ఇంకో మంచి హ్యాచ్‌బ్యాక్ వస్తుంది. ఎలక్ట్రిక్ కార్లకు మాత్రం 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 వరకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఇచ్చారు. కొనే రోజున రవాణా శాఖ దగ్గర తాజా రేట్లు చూసుకోవాలి.

సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు తక్కువకు వస్తోందంటే ముందు కాగితాలు చూడాలి:

- ఆర్‌సీ, ఇంజిన్ నంబర్, ఛాసిస్ నంబర్ మూడూ కారుతో సరిపోవాలి
- వేరే రాష్ట్రం కారైతే అక్కడి ఆర్టీవో ఇచ్చిన ఎన్ఓసీ (ఫారం 28) ఉండాలి
- లోన్ తీరిపోయిందని ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే ఫారం 35 ఉండాలి
- యాజమాన్యం మార్చే ఫారం 29, 30 డబ్బు ఇచ్చే రోజే సంతకం కావాలి
- విదేశాల నుంచి వచ్చిన కారైతే కస్టమ్స్ సుంకం కట్టిన కాగితం తప్పనిసరి. సుంకం ఎగ్గొట్టిన కారని తేలితే అధికారులు స్వాధీనం చేసుకుంటారు. కొన్నవాడు డబ్బూ కారూ రెండూ పోగొట్టుకోవచ్చు

కొన్న తర్వాత ఖర్చు కూడా చూసుకోవాలి. స్పోర్ట్స్ కారు టైర్లు, బ్రేక్ ప్యాడ్లు మామూలు కారు కంటే చాలా ఖరీదు, పైగా త్వరగా అరిగిపోతాయి. కారు ఎత్తు తక్కువ కాబట్టి స్పీడ్ బ్రేకర్లు, వాన నీళ్లు నిలిచే రోడ్లు దానికి శత్రువులు.

పాత కారు ఉంచుకోవాలంటే

ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 20 ఏళ్లు దాటిన కారు రెన్యువల్ ఫీజు 10 వేలు, దిగుమతి చేసిన కారైతే 80 వేలు.

50 ఏళ్లు దాటి, అసలు రూపం మార్చకుండా ఉంచిన వాహనాన్ని 2021 జులై నిబంధనల కింద వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. నంబర్ ప్లేటు మీద 'వీఏ' అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. కానీ ఆ కారులో రోజూ ఆఫీసుకు వెళ్లడం కుదరదు. ప్రదర్శన, ర్యాలీ, రిపేరు, పెట్రోల్ పోయించుకోవడం లాంటి వాటికే రోడ్డెక్కాలి. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు 1912 నాటి నిజాం రోల్స్ రాయిస్ చూసిన వాళ్లకు పాత కారును కాపాడుకోవడం ఎంత పనో అర్థమవుతుంది.

పాత కార్లు ఉన్నవాళ్లు పెట్రోల్ విషయం కూడా గమనించాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. పాత కార్ల రబ్బరు పైపులు, గాస్కెట్లు దానికి తగ్గట్టు చేసినవి కావు. మెకానిక్‌తో చూపించి అవసరమైతే మార్పించుకోవాలి. పాత పార్టుల కోసం సికింద్రాబాద్ రాణిగంజ్ మార్కెట్‌లో వెతికే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కార్బ్యురేటర్ పట్టుకోవడం తెలిసిన మెకానిక్ దొరికితే అతని నంబర్ దాచుకోవాలి. కొత్త కారుకైతే లాప్‌టాప్ పెట్టి తప్పు చదివే కంపెనీ వర్క్‌షాపే దిక్కు.

షాదీకి స్పోర్ట్స్ కారు అద్దెకు తీసుకుంటున్నారా?

పెళ్లికొడుకు కోసం ఒక్క రాత్రికి ఖరీదైన కారు తీసుకోవడం ఈ మధ్య మామూలైంది. సెల్ఫ్ డ్రైవ్ అద్దె కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. తెల్ల ప్లేటు కారును అద్దెకిస్తే అది పర్మిట్ లేని వ్యవహారం. ప్రైవేటు పాలసీ ఉన్న కారును అద్దెకు తిప్పుతూ ప్రమాదం చేస్తే ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిం తిరస్కరించవచ్చు. అప్పుడు లక్షల్లో వచ్చే రిపేరు బిల్లు కారు తీసుకున్న కుటుంబం మీదికి వస్తుంది. డిపాజిట్ ఎంత, గీత పడితే ఎవరు కట్టాలి, ఎవరెవరు నడపొచ్చు అన్నవి రాతపూర్వకంగా తీసుకోవాలి. తాళం మాత్రం అలవాటున్న డ్రైవర్ చేతిలోనే ఉంటే మేలు. బారాత్‌లో చుట్టూ పిల్లలు, ఆడవాళ్లు నడుస్తుంటారు. పెడల్ మీద కాలు కాస్త ఎక్కువ పడితే ఈ కార్లు సెకనులో ముందుకు దూకుతాయి.

తాళం ఎవరి చేతిలో?

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనర్ కారు నడిపి నేరం చేస్తే బాధ్యత తల్లిదండ్రులది లేదా బండి యజమానిది. మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు.

లైసెన్స్ ఉన్న కొడుక్కి, కూతురికి కూడా మొదటి రోజే ఇంత శక్తి ఉన్న కారు ఇవ్వకపోవడం మంచిది. చాలా కొత్త కార్లలో ఎకో మోడ్, స్పీడ్ హెచ్చరిక లాంటి సెట్టింగులు ఉంటాయి. మొదటి కొన్ని నెలలు వాటిని ఆన్‌లో పెట్టి, పక్కన పెద్దవాళ్లు కూర్చుని నడిపించాలి. సీటు బెల్టు వెనక సీట్లో వాళ్లకీ తప్పనిసరి.

పాత స్పోర్ట్స్ కారు నడపడం నేర్చుకోకపోతే ముందుకు కదిలేది కాదు. కొత్త కారు ఎవరు ఎక్కినా కదులుతుంది. అందుకే కారు కొనే ముందు దాని ధర, మైలేజీ అడిగినట్టే, దాన్ని ఇంట్లో ఎవరు నడుపుతారో కూడా ముందే మాట్లాడుకోవాలి.